ఇంజిన్ ఆయిల్ కూలర్: డెల్టా బండ్లవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రావులపాలెం దగ్గర హైవేని ఆనుకుని మా షెడ్డు. అరటిగెలల లారీలు, కొబ్బరి లోడు వ్యాన్లు, ట్రాక్టర్లు, కోత మిషన్లు, రొయ్యల చెరువుల మీది జనరేటర్లు, కుర్రాళ్ళ బైకులు అన్నీ వస్తాయి. ఆయిల్ కూలర్ గురించి పదేపదే అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. ముందే ఒక మాట చెప్పేస్తాను: మన గోదావరి డెల్టాలో కూలర్ ఎండకి చావదండి. బయటనుంచి ధాన్యం పొట్టు, లోపలినుంచి ఉప్పునీళ్ళు దాన్ని చంపుతాయి.

రేడియేటర్ ఉంది కదండీ, మళ్ళీ ఆయిల్ కూలర్ ఎందుకు?

రేడియేటర్ చల్లార్చేది నీళ్ళని. ఇంజిన్లో నీళ్ళు వెళ్ళలేని చోట్లు చాలా ఉన్నాయి. పిస్టన్ అడుగు, క్రాంకు బేరింగులు, టర్బో షాఫ్టు. అక్కడి వేడిని మోసుకొచ్చేది ఆయిలే. ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇంజిన్‌కి హాయి. 120, 130 దాటి గంటలకొద్దీ నడిస్తే ఆయిల్ నల్లబడి, చిక్కబడి, బంకలా తయారవుతుంది. పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ పాడయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక లెక్క. కూలర్ పని ఆ పది, ఇరవై డిగ్రీలని దించడమే. చిన్న పనే, కానీ పదివేల కిలోమీటర్లు ఉండాల్సిన ఆయిల్ ఐదువేలకే చచ్చిపోతే నష్టం ఎవరిదో మీకే తెలుస్తుంది.

మా బండికి అది ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు రకాలు. ఒకటి గాలితో చల్లారేది. చిన్న రేడియేటర్‌లా రేకుల జల్లెడ, దానికి రెండు పైపులు. బైకుల్లో ఇంజిన్ ముందు, మిషన్లలో రేడియేటర్ ముందు ఉంటుంది. రెండోది నీళ్ళతో చల్లారేది. లారీల్లో ఎక్కువగా ఇంజిన్ బ్లాకు పక్కన ఒక మూత వెనక దాగి ఉంటుంది, కార్లలో ఆయిల్ ఫిల్టర్ కింద అప్పచ్చిలా అతుక్కుని ఉంటుంది. ఈ రెండోది కంటికి కనబడదు కాబట్టే చాలామంది ఓనర్లకి తమ బండికి కూలర్ ఉందన్న సంగతి అది పాడైన రోజునే తెలుస్తుంది.

వంద, నూటపాతిక సీసీ బైకులకి, పాత చిన్న ట్రాక్టర్లకి సాధారణంగా ఉండదు. లేకపోతే బెంగపడక్కర్లేదు, వాటి ఇంజిన్ని ఆ లెక్కలోనే కట్టారు.

టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. కూలర్ బాగున్నట్టే కదా?

కాదు. ఆ ముల్లు చూపించేది నీళ్ళ వేడి. ఆయిల్ నీళ్ళకంటే ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. ముల్లు సగంలో ఉండగానే ఆయిల్ 130కి చేరిన బండ్లున్నాయి.

ఆయిల్ లైటు వెలగలేదనీ ధీమా పడకండి. చాలా ఇంజిన్లలో కూలర్ పక్కనే ఒక బైపాస్ వాల్వు ఉంటుంది. కూలర్ లోపల బంక పట్టి దారి మూసుకుంటే ఆ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని కూలర్‌లోకి పోనివ్వకుండా నేరుగా ఇంజిన్‌కి పంపేస్తుంది. బేరింగులకి ఆయిల్ అందుతూనే ఉంటుంది, ప్రెజర్ బాగానే ఉంటుంది, లైటు వెలగదు. కానీ వేడి మాత్రం దిగదు. మరి గుర్తుపట్టేదెలా అంటే, ఆయిల్ తొందరగా నల్లబడటం, వేడెక్కాక స్లోలో ప్రెజర్ మునుపటికంటే తగ్గటం, ఎప్పుడూ లాగే లోడుకే బండి బరువుగా అనిపించటం. గాలితో చల్లారే రకంలో ఇంకో తేలిక పరీక్ష ఉంది. బాగా నడిపిన బండి ఆపి, లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, పట్టుకోవద్దు, కాలుతుంది. రెండింటికీ తేడా ఏమాత్రం తెలియకపోతే అనుమానించాలి.

కోతల టైములో రోజుకి ఎన్నిసార్లు శుభ్రం చెయ్యాలి?

దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మా షెడ్డుకి నవంబరు, డిసెంబరుల్లో వచ్చే మిషన్లలో చాలావాటి జబ్బు ఇదే.

సార్వా (ఖరీఫ్) కోతలకి చేలు పచ్చిగా ఉంటాయి, పొద్దున్న పదింటిదాకా మంచు. అప్పుడు ఎగిరే పొట్టు తడితో కూలర్ రేకులకి అట్టలా అంటుకుంటుంది. దాళ్వా (రబీ) కోతలు ఏప్రిల్లో. అప్పుడు ఎండు దుమ్ము, దుమ్ముకి తోడు మిషన్ చుట్టూ వేడిగాలి. ఏ పంటలో అయినా అడిగేది ఒకటే, గాలి రేకుల మధ్యనుంచి పోతోందా లేదా.

చైన్ మీద నడిచే కోత మిషన్లలో చాలావాటికి రేడియేటర్ ముందు హైడ్రాలిక్ ఆయిల్ కూలర్ ఒకటి ఉంటుంది. డ్రైవర్లు ముందువైపు జల్లెడ తలుపు తెరిచి చీపురుతో దులిపి అయిపోయిందనుకుంటారు. అసలు చెత్త అక్కడ ఉండదండి. కూలర్‌కీ రేడియేటర్‌కీ మధ్య రెండు వేళ్ళ సందు ఉంటుంది చూశారూ, పొట్టు అక్కడికి చేరి పరుపులా మేట వేస్తుంది. ముందునుంచి చూస్తే కూలర్ రేకులు తళతళలాడుతూనే ఉంటాయి. వెనక ఒక అంగుళం మందాన ఊక. చాలా మిషన్లలో కూలర్‌ని రెండు క్లిప్పులు తీసి పక్కకి తిప్పే వీలుంటుంది, లేదా రెండు బోల్టులు వదులు చేస్తే ముందుకి వాలుతుంది. అలా తెరిచి చెయ్యాలి.

పద్ధతి చెప్తాను. ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. గాలి ఎప్పుడూ ఫ్యాను వైపునుంచి బయటికి కొట్టాలి, వచ్చిన దారినే చెత్తని వెనక్కి పంపాలి. బయటినుంచి లోపలికి కొడితే ఇంకా బిగుసుకుంటుంది. గాలి మరీ గట్టిగా వద్దు, నాజిల్‌ని జానెడు దూరంలో రేకులకి ఎదురుగా తిన్నగా పట్టాలి, ఏటవాలుగా పడితే రేకులు పడుకుంటాయి. చేలో కంప్రెసర్ ఎక్కడిదంటారా, కొబ్బరి ఈనె చాలు. మనకి కరువా? ఈనెపుల్ల రేకుల మధ్య సరిగ్గా దూరుతుంది, మెత్తనిది కాబట్టి గొట్టానికి గీత కూడా పడదు. స్క్రూడ్రైవరుతో పొడిచి కూలర్‌కి కన్నం పెట్టినవాళ్ళని ప్రతి సీజన్లో ఒకరిద్దరిని చూస్తాను.

ఎన్నిసార్లంటే, పొద్దున్న మొదలెట్టేముందు ఒకసారి పూర్తిగా, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒకసారి. తుఫాను వస్తుందని రాత్రింబవళ్ళు కోస్తున్నప్పుడు సాయంత్రం ఇంకోసారి తప్పదు. లైట్ల వెలుతురుకి దీపం పురుగులు కుప్పలుగా వచ్చి రేకుల్లో ఇరుక్కుంటాయి. అవి ఎండాక తీయడం పొట్టుకంటే కష్టం.

వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెజర్ వాటర్ కొట్టిస్తే పోదా?

పోతుంది, రేకులు కూడా పోతాయి. ఆ గన్ను దగ్గరగా పెడితే అల్యూమినియం రేకులు పేకముక్కల్లా వంగిపోతాయి, గాలికి దారి ఉండదు. మామూలు గొట్టం నీళ్ళు, కాస్త షాంపూ, మెత్తటి బ్రష్షు చాలు. కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు అల్యూమినియాన్ని తినేస్తాయి, ఒద్దనండి.

ఇంకో అలవాటు ఉంది, డీజిల్ కొట్టి మెరిపించడం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మర్నాడు పుంతలోకి దిగగానే ఆ జిడ్డుకి దుమ్మంతా అంటుకుని గార వేసినట్టవుతుంది. ఆయిల్ జిడ్డు పట్టినప్పుడు డిగ్రీజర్ వాడి వెంటనే నీళ్ళతో కడిగేయాలి, జిడ్డు మిగలకూడదు.

మన దగ్గర నీళ్ళు గడ్డకట్టేది లేదు కదండీ. కూలెంట్ దండగ, బోరునీళ్ళు చాలవా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి టీ ఇప్పించి చెప్తాను. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే అయితే మీ మాట నిజమే. మనకి దానితో పని వేరు. అందులో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. మరుగు స్థానం కూడా పైకి జరుగుతుంది.

లారీ ఆయిల్ కూలర్ నీళ్ళల్లో మునిగి ఉంటుంది. పల్చటి రేకు, ఒకవైపు ఆయిల్, రెండోవైపు నీళ్ళు. మధ్యలో ఉన్నది ఆ రేకు మందమే. ఇప్పుడు భీమవరం, ఆకివీడు వైపు, లేదా కోనసీమలో సముద్రం వైపు బోరు వేస్తే వచ్చే నీళ్ళు నోట్లో పోసుకోండి. ఆ ఉప్పుని రోజూ తొంభై డిగ్రీల వేడిలో ఆ పల్చటి రేకు చుట్టూ తిప్పుతున్నారు మీరు. ఉప్పులోని క్లోరైడు లోహం మీద సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఒకరోజు ఆ గుంట అవతలికి తేలుతుంది. ఉప్పు లేని బోరైనా సున్నం ఉంటుంది, అది కూలర్ మీద పొరలా కట్టి వేడిని నీళ్ళలోకి దిగనివ్వదు. స్టీలు బిందె అడుగున తెల్లగా పేరుకునే పొరని చూసే ఉంటారు, అదే.

కాలవనీళ్ళు? తియ్యగానే ఉంటాయి, కానీ వానాకాలం ఎర్రనీళ్ళలో ఒండ్రు ఉంటుంది. అది కూలర్ అడుగున చేరి గట్టిపడుతుంది.

కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపిన కూలెంట్, లేదా కలిపేసి అమ్మే కూలెంట్. మీ బండి మాన్యువల్ ఏ రకం చెప్తే అదే. రెండు రకాలు కలపొద్దు, కొన్ని కలిస్తే జిగురు కడతాయి. ఎన్నేళ్ళకోసారి మార్చాలో కూడా మాన్యువల్ చెప్తుంది, అంతకంటే ఆలస్యం చేస్తే రంగు ఉంటుంది గానీ మందు ఉండదు. దారిలో అత్యవసరంగా నీళ్ళు పోయాల్సి వస్తే ఇరవై లీటర్ల తాగేనీళ్ళ టిన్ను కొనుక్కుని పొయ్యండి, చేపలచెరువు గట్టున కనబడిన బోరు దగ్గర మాత్రం ఆగకండి. ఇంటికొచ్చాక దించేసి కూలెంట్ నింపాలి.

రేడియేటర్ మూత తీస్తే ఆయిల్ తేలుతోంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందా?

ఇంజిన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే ఆ పట్టీ పోయి ఉండొచ్చు. కానీ హెడ్ విప్పేముందు కూలర్‌ని చూడండి. ఈ పాఠం నేను ఒక కొబ్బరి లోడు లారీ మీద నేర్చుకున్నాను. రేడియేటర్లో ఆయిల్ చూడగానే గ్యాస్కెట్టేనని తీర్మానించి హెడ్ దించాను, ఫేసింగ్ కొట్టించాను, కొత్త గ్యాస్కెట్ వేశాను. పది రోజుల్లో లారీ తిరిగొచ్చింది, రేడియేటర్లో మళ్ళీ అదే మీగడ. అప్పుడు పక్క మూత విప్పితే కూలర్ కోర్ మీద చీమ తలకాయంత కన్నం. ఓనరుగారు పెద్దమనిషి కాబట్టి తిట్టలేదు, కూలీ మాత్రం నేను తీసుకోలేకపోయాను.

తేడా ఇలా పట్టుకోవచ్చు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెజర్ మూడు నుంచి ఐదు బార్లు, నీళ్ళ ప్రెజర్ ఒక బారు చుట్టుపక్కల. కూలర్‌కి కన్నం పడితే ఎక్కువ ప్రెజర్ ఉన్న ఆయిల్ నీళ్ళలోకి వస్తుంది. అందుకే ముందు పాడయ్యేవి నీళ్ళు. బండి ఆపాక ఆయిల్ ప్రెజర్ సున్నా, వేడి నీళ్ళ ప్రెజర్ ఇంకా ఉంటుంది. అప్పుడు కొంచెం నీళ్ళు ఆయిల్లోకి జారతాయి. రాత్రంతా ఆగిన బండి పొద్దున్నే గేజు పుల్ల తీస్తే టీ రంగు కనబడేది అందుకే.

హెడ్ గ్యాస్కెట్ పోతే మండే గ్యాసు నీళ్ళలోకి వస్తుంది. రేడియేటర్లో బుడగలు, నీళ్ళు పైకి తన్నుకురావటం, సైలెన్సర్లో తెల్లపొగ, ఒక సిలిండర్ మిస్ కొట్టటం. ఇవేవీ లేకుండా ఆయిల్ మాత్రమే తేలుతుంటే మొదటి అనుమానం కూలర్ మీదే.

ఖాయం చేసుకోవాలంటే కూలర్ విప్పి, ఆయిల్ దారి ఒకవైపు బిగించి, రెండోవైపునుంచి 60 పౌండ్ల గాలి పెట్టి వేడినీళ్ళ తొట్టిలో ముంచాలి. చన్నీళ్ళలో బాగున్నట్టు కనబడే కూలర్లు వేడినీళ్ళలో బయటపడతాయి, లోహం వ్యాకోచిస్తే కన్నం తెరుచుకుంటుంది. పది నిమిషాలు చూడండి, కంగారు పడొద్దు.

ఆయిల్, నీళ్ళు కలిశాయని తెలిశాక మాత్రం బండి స్టార్ట్ చెయ్యకండి. షెడ్డుదాకా లాక్కుని రండి. నీళ్ళు కలిసిన ఆయిల్ బేరింగులకి గొంతుమీద కత్తి.

కొత్త కూలర్ వేశాం. ఇంకేమైనా మార్చాలా?

నీళ్ళ వైపంతా కడగాలి. వేడినీళ్ళలో నురుగు తక్కువ వచ్చే డిటర్జెంటు వేసి ఇంజిన్ నడిపి దించడం, మళ్ళీ నింపడం, జిడ్డు ఆగేదాకా మూడు నాలుగుసార్లు. తరవాత ఉత్త నీళ్ళతో రెండుసార్లు. రబ్బరు హోసులు నొక్కి చూడండి. నీళ్ళకోసం చేసిన రబ్బరుకి ఆయిల్ పడదు, ఉబ్బి మెత్తబడుతుంది. ఇప్పుడు బాగున్నట్టే ఉండి నెల తరవాత లోడు మీద పగులుతుంది. థర్మోస్టాట్ కూడా తీసి చూడాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చి కొద్ది దూరం తిప్పి మళ్ళీ మార్చేస్తే లోపల మిగిలిన తడి పోతుంది. ఖర్చే, కాదనను.

చిక్కటి ఆయిల్ పోస్తే వేడి తగ్గుతుందంటారు, నిజమేనా?

లేదు. చిక్కటి ఆయిల్ కూలర్ సన్నటి దారుల్లో తక్కువ పారుతుంది, పైగా ఇందాక చెప్పిన బైపాస్ వాల్వు తెరుచుకునే వీలు పెరుగుతుంది. డీజిల్ బండ్లలో చాలావాటికి 15డబ్ల్యూ-40 చెప్తారు. మీ మాన్యువల్లో ఉన్న గ్రేడే పొయ్యండి.

కూలర్ కారుతోంది. వెల్డింగ్ చేయించొచ్చా?

ముందు ఎక్కడ కారుతోందో చూడండి. సగం కేసుల్లో కారేది కూలర్ కాదు, పైపు చివర వాషరో, ఓరింగో, క్లాంపో. బాంజో బోల్టు (పైపుని బిగించే, మధ్యలోనుంచి ఆయిల్ పారే బోల్టు) విప్పిన ప్రతిసారీ రాగి వాషరు కొత్తది వెయ్యాలి. పాతది తిప్పి వేస్తే అది ఒకసారి నలిగిపోయిన వాషరు, మళ్ళీ పట్టదు. ఓరింగులు వేడి ఆయిల్‌కి తట్టుకునేవి అడిగి తెచ్చుకోండి, పైకి అన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి.

గాలి రకం కూలర్ గొట్టానికే చిల్లు పడితే మంచి అల్యూమినియం వెల్డరు అతకగలడు, అది కొత్తది వచ్చేదాకా మాత్రమే. సీలెంటు ముద్ద పెట్టడం పనికిరాదు. వేడికీ, ప్రెజర్‌కీ, ఊపుకీ కలిపి అది నిలవదు. లారీల నీళ్ళ రకం కోర్ మాత్రం అతికించొద్దు, మార్చాల్సిందే.

ఇంజిన్ పట్టేసింది. కొత్తగా కట్టిస్తున్నాం. పాత కూలర్ కడిగి వేసేయొచ్చా?

వద్దు. బేరింగులు అరిగినప్పుడు, టర్బో విరిగినప్పుడు లోహం రజను ఆయిల్‌తో పాటు కూలర్‌లోకి వెళ్ళి ఆ సన్నటి దారుల్లో దాక్కుంటుంది. ఎంత కడిగినా మొత్తం రాదు. కొత్త ఇంజిన్ వేడెక్కి ఊగటం మొదలెట్టాక ఆ రజను నెమ్మదిగా బయటికొచ్చి కొత్త బేరింగులమీదికి చేరుతుంది. లక్షలు పెట్టి ఇంజిన్ కట్టించి కూలర్ దగ్గర పొదుపు చేసి, మూడు నెలలకి మళ్ళీ షెడ్డుకి వచ్చిన బండ్లని చూశాను. మేస్త్రి కడిగేస్తే చాలన్నా మీరు ఒప్పుకోకండి.

ఆయిల్ మార్చాక గేజు సరిగ్గా ఉంది, మర్నాడు తగ్గింది. ఎక్కడికి పోయింది?

కూలర్‌లోకీ ఫిల్టర్‌లోకీ పోయింది. నింపాక ఇంజిన్ రెండు నిమిషాలు స్లోలో నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి, బండి సమంగా ఉన్నచోట గేజు చూసి తక్కువైతే పొయ్యండి. అంతే.

బైకు కూలర్‌కి ఏం చెయ్యాలి?

పల్సర్ 220, అపాచీ 200, పాత హిమాలయన్ లాంటివాటికి ముందువైపు కూలర్ ఉంటుంది. ముందుచక్రం చిమ్మే బురదంతా దానిమీదే. వారానికోసారి మామూలు నీళ్ళతో కడిగితే చాలు. కుర్రాళ్ళు క్రాష్‌గార్డుకి లైట్లు బిగించి కూలర్‌కి గాలి అడ్డుపెట్టేస్తున్నారు, అవి కాస్త పక్కకి జరపండి. కూలర్ లేని బైకుకి బయటనుంచి కొని పెట్టించుకోవద్దు. ఆయిల్ వేడెక్కాల్సినంత వేడెక్కకపోయినా కష్టమే, లోపలి చెమ్మ ఆవిరై పోదు.

వరదలో బండి మునిగింది.

గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళకి ఇది ఏటా వచ్చే ప్రశ్న. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక తాళం తిప్పొద్దు. గేజు తీసి చూడండి, మట్టం పెరిగినా రంగు మారినా ఆయిల్, ఫిల్టర్ రెండూ దించాలి, ఎయిర్ ఫిల్టర్ గొట్టం విప్పి చూడాలి. కూలర్ రేకుల్లోకి ఒండ్రు పోయి ఉంటుంది. అది తడిగా ఉండగానే కడిగెయ్యండి. నాలుగు రోజులు ఎండితే సిమెంటులా పడుతుంది, తరవాత ఏ ఈనెకీ లొంగదు.

అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండికి వేరే జాగ్రత్త ఉందా? రొయ్యల వ్యాన్లకి?

రేకుల మీద తెల్ల పిండిలా కనబడితే అది ఉప్పు తిన్న అల్యూమినియం. సముద్రం గాలి తగిలే ఊళ్ళల్లో వారానికోసారి మంచినీళ్ళతో కడగాలి. రొయ్యల వ్యాన్లలో ఐసు కరిగి కారే నీళ్ళు కూడా ఉప్పే, ఆ పైపు కూలర్ పైపుల మీద కారకుండా పక్కకి వదలండి. ఇనుప పైపులు కూలర్‌కంటే ముందు పోతాయి, క్లాంపు కింద చూడండి, తుప్పు అక్కడ మొదలవుతుంది.

చెరువు గట్టుమీద జనరేటర్‌కి కూడా ఇవన్నీ అవసరమా?

ఎక్కువే అవసరం. కరెంటు పోయిన రాత్రి చెరువు నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ ఇంజిన్ గంటల తరబడి ఒకేచోట, చుట్టూ గాలి లేని రేకుల షెడ్డులో, చెరువు పక్క బోరునీళ్ళతో నడుస్తుంది. చెప్పిన చెడ్డ పనులన్నీ ఒక్క ఇంజిన్ మీదే. వేడిగాలి బయటికి పోయేలా రేడియేటర్ ఎదురుగా గోడ తెరవండి, నీళ్ళ స్థానంలో కూలెంట్ పొయ్యండి, గంటల మీటరు చూసి ఆయిల్ మార్చండి.

పాత కూలర్ ఏం చెయ్యాలి?

రాగి, అల్యూమినియం కాబట్టి పాతసామాన్లవాళ్ళు తీసుకుంటారు. ఇచ్చేముందు తలకిందులుగా రెండు రోజులు పళ్ళెంలో నిలబెట్టండి, లోపల దాగిన ఆయిల్ కారుతుంది. ఆ ఆయిల్, దించిన పాత ఆయిల్ ఒక డ్రమ్ములో పోసి ఉంచితే కొనేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. కాలవ గట్టున మాత్రం పారబొయ్యకండి. ఎండాకాలం కాలవ కట్టేసేముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకునేది ఆ నీళ్ళతోనే.